ఆఖరి చరణం ఎక్కడ అని అడిగాను

ఈ వారం హాస్టల్ మెస్ బిల్లుల గురించి రాస్తానని పోయిన భాగంలో అన్నాను. అది వచ్చే వారం. ఈ వారం నేను చేసిన ఒక తప్పు గురించి రాయాలి. ఒక పాట విషయంలో చేసిన తప్పు. చిన్నదే అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అది నా ఒక్కదానిది కాదు, మనందరికీ అలవాటైపోయిన తప్పు అనిపించింది. అందుకే మీ ముందు పెడుతున్నాను.

నేను పాఠం చెప్పే కాలేజీలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదివే అమ్మాయి ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్ రూముకొచ్చింది. కోనసీమ పిల్ల. "మేడమ్, ఒక పాట చేశాను. అంబేడ్కర్ జయంతికి పెట్టొచ్చో లేదో మీరు విని చెప్పాలి" అని ఫోను నా చేతిలో పెట్టింది.

మొదటి నిమిషం అసలు పాటే లేదు. రాత్రిపూట దూరంగా చేలో ఆయిలింజను ఆడుతున్నట్టు ఒక మోత. ఫోను పాడైందేమో అనుకున్నాను. తర్వాత డప్పు మీద ఒక దెబ్బ. చాలాసేపటికి ఇంకో దెబ్బ. మంట చూపించని డప్పు అది, చర్మం సాగి బొంగురుపోయింది. దాని కింద గిటారు. వాళ్ళ పేట చర్చిలో యూత్ పిల్లలు వాయించే గిటారే. తీగలు వదులు చేసి, శబ్దాన్ని చించి, మట్టిగోడ నాని కూలుతున్నట్టు వాయించింది. ఆ మోత మీద ఒక ముసలావిడ గొంతు. రాగం తీసి ఏడుస్తోంది.

ఆ గొంతు వాళ్ళ మామ్మది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుపానులో ఆవిడ పెనిమిటి పోయాడు. సముద్రం ఒడ్డున రొయ్యపిల్ల పట్టే పనికి కూలికెళ్ళాడు. శవం దొరకలేదు. ఇన్నేళ్ళ తర్వాత మనవరాలు పక్కన కూచుని అడిగితే ఆవిడ ఆనాటి శోకమే మళ్ళీ పెట్టింది. అందులో పెనిమిటి ఇష్టంగా తిన్న కూర ఉంది. తీర్చని చేబదులు ఉంది. పనికి తీసుకెళ్ళి, తుపాను కబురు తెలిసీ వెనక్కి పంపని మేస్త్రీ పేరు ఉంది. ఆ పేరు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆరు నిమిషాల దగ్గర ఆవిడ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. మళ్ళీ మొదలెట్టలేదు. మోత ఒక్కటే కాసేపు ఉండి, అదీ ఆగిపోయింది.

నేను ఏమన్నానో దాచకుండా చెప్తాను. "బావుందమ్మా. కానీ ఆఖరి చరణం ఎక్కడ? చివర్లో లేచి నిలబడినట్టు నాలుగు లైన్లు పెట్టు. ఇలా ఏడుపు దగ్గర వదిలేస్తే జయంతి రోజు జనం ఏమైపోతారు?"

ఆ అమ్మాయి నా మొహంలోకి చూసి, "మా మామ్మ అక్కడే ఆపింది మేడమ్" అంది. ఫోను తీసుకుని వెళ్ళిపోయింది.

అప్పుడు నాకు కోపం వచ్చిందని కూడా ఒప్పుకోవాలి. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదాన్ని, సభల్లో పాటల మీద మాట్లాడేదాన్ని. నాకు పాటలో ఆఖరి చరణం తెలియదా? సాయంత్రం ఇంటికెళ్ళాక తనకే మెసేజ్ పెట్టాను, "నువ్వు ఏం వింటున్నావు, పంపించు" అని. రాత్రికి ఒక జాబితా వచ్చింది. అన్నీ ఆడవాళ్ళవే. వారం రోజులు అవే విన్నాను.

మొదటిది డివైడ్ అండ్ డిజాల్వ్. నల్లజాతి, చెరొకీ ఆదివాసీ మూలాలున్న టకియా రీడ్ నడిపే బృందం, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పుట్టింది. 2021లో గ్యాస్ లిట్, 2023లో సిస్టమిక్, 2025లో ఇన్‌సేషబుల్ అనే ఆల్బమ్‌లు వచ్చాయి. దాదాపు ఎక్కడా మాటలుండవు. ఒక శాక్సఫోన్ ఒంటరిగా మొదలవుతుంది, దాని మీద గిటారు కొండచరియలా పడుతుంది. మాటల్లేకుండానే ఇది తెల్లజాతి ఆధిపత్యం మీద, లాక్కున్న నేల మీద పాట అని వాళ్ళంటారు. నాకు మొదట నవ్వొచ్చింది. మాట లేకుండా రాజకీయం ఏమిటి? మూడోసారి వింటున్నప్పుడు 2022 మే 24 గుర్తొచ్చింది. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టిన సాయంత్రం. తర్వాత చాలా రోజులు ఇంటర్నెట్ లేదు. పేటలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ రోజుల గురించి నేను రెండు వ్యాసాలు రాశాను. ఆ రోజుల బరువు ఆ వ్యాసాల్లో లేదు. ఈ మాటల్లేని మోతలో ఉంది.

రెండోది మూర్ మదర్. అసలు పేరు కమే అయేవా, ఫిలడెల్ఫియా కవయిత్రి. 2024లో వచ్చిన ది గ్రేట్ బెయిలౌట్ అనే ఆల్బమ్ ఒక లెక్క మీద నడుస్తుంది. 1833లో బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది. నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది. ఎవరికి? బానిసలకి కాదు, యజమానులకి. ఆస్తి పోయింది కదా పాపం అని. దానికోసం చేసిన అప్పు తీరింది 2015లో. అంటే ఆ బానిసల మునిమనవలు కూడా పన్నులు కట్టి ఆ అప్పు తీర్చారు. ఈ సంగతి చెప్పడానికి ఆమె ఉపన్యాసం ఇవ్వదు. మూలుగులు, ఇనుము రాసుకున్న చప్పుడు, మధ్యలో తెగిపోయే వాక్యాలు. వింటుంటే ఊపిరాడదు. ఆడకూడదు కూడా.

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఈ లెక్క అర్థం కావడానికి లండన్ వెళ్ళక్కర్లేదు. తుపాను వస్తే పంటనష్టం లెక్క పొలం ఎవరి పేరున ఉందో అక్కడ మొదలవుతుంది. ఆ పొలంలో నడుం వంచి ఊడ్చిన ఆడకూలి పోగొట్టుకున్న పనిరోజులకి కాలమే లేదు ఆ ఫారంలో. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ నీళ్ళతో ఈ నేల అన్నపూర్ణ అయ్యిందని బడిలో చదివాం. ఆ కాలవలకి మట్టి మోసిన ఆడవాళ్ళ పేరు ఒక్కటి చెప్పమంటే నేనూ చెప్పలేను.

జాబితాలో చెల్సీ వుల్ఫ్ ఉంది, కాలిఫోర్నియా ఆవిడ. 2024లో ఒక ఆల్బమ్ తెచ్చింది, షి రీచెస్ అవుట్ టు షి రీచెస్ అవుట్ టు షి అని. నిన్నటి నేను ఇవాళ్టి నాకు చెయ్యి చాపడం, ఇవాళ్టి నేను రేపటి నాకు చెయ్యి చాపడం అని ఆ పేరుకి ఆమె చెప్పిన అర్థం. స్వీడన్ నుంచి అన్నా ఫాన్ హౌస్‌వోల్ఫ్ ఉంది, చర్చి ఆర్గాన్ మీద ఇంత చీకటి పుట్టించొచ్చని నేను అనుకోలేదు. అందరికంటే పెద్దావిడ డయమాండా గలాస్. 1955లో పుట్టిన గ్రీకు అమెరికన్. తోడబుట్టినవాడు 1986లో ఎయిడ్స్‌తో పోయాడు. ఎయిడ్స్ రోగుల్ని పాపులని వేలెత్తి చూపిస్తున్న కాలంలో, 1990లో, న్యూయార్క్‌లోని ఒక పెద్ద కెథడ్రల్‌లోనే నిలబడి ఆవిడ వాళ్ళకోసం గొంతు చించుకుంది. ఆ గొంతుకి మూలం ఏమిటో తెలుసా? గ్రీసులో మాని అనే ప్రాంతంలో ఆడవాళ్ళు శవం దగ్గర పెట్టే శోకాలు. మన శోకాలే. అక్కడా ఆడవాళ్ళే పెడతారు, అక్కడా చంపినవాడి పేరు ఎత్తుతారు, అక్కడా పూజారులకి అవి నచ్చలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ సంగీతాన్ని 'బరువైనది' అంటారు. ఆ బరువు ఎక్కడిది? ఇంగ్లాండులో బర్మింగ్‌హామ్ కుర్రాడు టోనీ అయోమీ, పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో మెషిన్ కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకున్నాడు. గిటారు మానలేదు. ప్లాస్టిక్ కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకున్నాడు. తెగిన వేళ్ళకి బిగువు తీగలు నొప్పి కదా, తర్వాత తర్వాత తీగల్ని వదులు చేశాడు. వదులు చేస్తే స్వరం కిందికి దిగింది. బ్లాక్ సబ్బాత్ బృందపు ఆ శబ్దం నుంచే ఈ బరువు సంగీతం అంతా పుట్టింది. కూలివాడి తెగిన వేలు అది.

మా నాన్న డప్పు కొట్టేవాడు. చితుకుల మంట వేసి డప్పు కాచేవాడు. కాగితే చర్మం బిగుస్తుంది, కణకణమంటుంది. పెళ్ళికీ జాతరకీ అలా కాచాలి. ఆషాఢం శ్రావణాల్లో, గోదారి ఎర్రనీళ్ళు వచ్చి గాలి అంతా తడిగా ఉన్నప్పుడు, ఎంత కాచినా పది నిమిషాలకి మళ్ళీ దిగజారిపోయేది. ఆ రోజుల్లో చావు వస్తే ఇక కాచకుండానే కొట్టేవాడు. ఆ బొంగురు దెబ్బ కడుపులో తగిలేది. అయోమీ తీగ వదులు చేసి తెచ్చుకున్న శబ్దం మా ఇంట్లో తడిగాలి తెచ్చేది. నేను ఒక్కసారి సిర్ర పుల్ల పట్టుకుంటే నాన్న లాక్కున్నాడు. "ఆడపిల్ల డప్పు ముట్టకూడదు" అన్నాడు. ఊరు మమ్మల్ని ముట్టుకోదు, డప్పు నన్ను ముట్టనివ్వదు. ఆడదానికి మిగిలింది గొంతు ఒక్కటే. దానితో ఏడవడం ఒక్కటే.

ఆ ఏడుపు కూడా మిగలనివ్వలేదు. మూడు చోట్ల ఆపడం నేను చూశాను.

ఒకటి చర్చి. మన పేటల్లో అక్షరం, హార్మోనియం, గిటారు చర్చి ద్వారానే వచ్చాయి. నేను పాట నేర్చుకున్నది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం లోంచే. ఆ రుణం మర్చిపోను. కానీ మా అమ్మమ్మ చనిపోయినప్పుడు మా పెద్దమ్మ శవం మీద పడి రాగం అందుకోగానే పాస్టరుగారు, "నిరీక్షణ లేనివాళ్ళలా ఏడవకూడదమ్మా" అని ఆపి కీర్తన ఎత్తించారు. కీర్తన బాగానే పాడారు. మా పెద్దమ్మ చెప్పాలనుకున్నది మాత్రం ఎవరికీ తెలియలేదు. ఇది మన దగ్గరే కాదు. 2021 డిసెంబరులో ఫ్రాన్సులోని నాంట్ నగరంలో అన్నా ఫాన్ హౌస్‌వోల్ఫ్ కచేరీ ఒక చర్చిలో జరగాలి. ఇది సైతాను సంగీతం అని కొందరు ఛాందసులు తలుపులకి అడ్డంగా నిలబడ్డారు. కచేరీ రద్దయింది.

రెండోది కాలేజీ. యువజనోత్సవాల్లో జానపద గీతం అంటే కోలాటం ఉండాలి, నవ్వుతూ ఊడుపు ఊడుస్తున్నట్టు అభినయం ఉండాలి. నడుం నొప్పి ఉండకూడదు. శోకం పాడితే అది అంశమే కాదంటారు.

మూడోది మనం. ఉద్యమం. ఇది రాయడానికే ఇంత దూరం వచ్చాను. మన పాటకి ఒక అచ్చు తయారైంది. మొదటి చరణంలో బాధ, రెండో చరణంలో కారణం, మూడో చరణంలో పిడికిలి. ఆ అచ్చు ఊరికే రాలేదు. కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత భయంతో వణుకుతున్న పేటల్ని లేపి నిలబెట్టింది ఆ పాటే. ఆ పాట లేకపోతే ఇవాళ నేను ఈ మాట రాసే చోట ఉండేదాన్ని కాదు. కానీ అచ్చు అచ్చే. అందులో పట్టనిది కింద పడిపోతుంది.

చుండూరు సంగతే చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. పదహారేళ్ళు పోరాడితే, 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసి అందరినీ వదిలేసింది. ఆ రోజు ఆ ఎనిమిది మంది తల్లులకీ భార్యలకీ మనం ఏ మూడో చరణం పాడి వినిపించాలి? గెలుస్తాం అనా? గెలిచినదాన్నే లాక్కున్నాక? అలాంటి రోజుకి సరిపడే పాట మన దగ్గర లేదు. శోకం ఒక్కటే సరిపోతుంది. దాన్ని మనం పాట అనుకోము, 'ఆడంగుల ఏడుపు' అనుకుంటాం.

ఈ మాట ఒక అన్నతో అన్నాను. ముప్పై ఏళ్ళుగా ఉద్యమంలో ఉన్నవాడు, నాకు చాలా గౌరవం. "మనవాళ్ళని ఏడిపించే సినిమాలు చాలవా చెల్లీ? మన చేతిలో పాట ఉన్నప్పుడు కూడా మనం ఏడవాలా? పగలంతా పనిచేసి వచ్చినవాడికి కాసింత ఉషారు కావాలి గానీ ఈ మోత ఎందుకు?" అన్నాడు.

ఆ ప్రశ్న తేలిగ్గా తీసెయ్యలేం. సగం నిజం అందులో ఉంది. దళిత స్త్రీ అంటే కన్నీళ్ళు, చిరిగిన చీర, హీరో వచ్చి లేపేదాకా నేల మీద పడుండటం. ఆ బొమ్మ చూసి చూసి విసిగిపోయాం. కానీ సినిమాలో ఏడిచే ఆడదానికీ మామ్మ శోకానికీ తేడా ఉంది. సినిమాలో ఆమె ఏడుస్తుంటే చూసేవాడికి జాలి కలగాలి. శోకంలో ఆమె జాలి అడగదు, లెక్క అడుగుతుంది. ఎవడు తీసుకెళ్ళాడు, ఎవడు కూలి ఎగ్గొట్టాడు, ఏ మరిది వాటా కాజేశాడు, దేవుడు ఎక్కడ పడుకున్నాడు, అన్నీ పేరుపేరునా. మామూలు రోజున రచ్చబండ దగ్గర నోరెత్తితే పళ్ళు రాలగొట్టే ఊళ్ళో, చావు రోజు మాత్రం ఆమెని ఎవరూ ఆపలేరు. ఏడుస్తోంది కదా అని వదిలేస్తారు. ఆ సందులోంచి ఆమె సాక్ష్యం చెప్పేసేది. కోర్టుకెక్కని సాక్ష్యం.

ఉషారు సంగతి. మన జయంతి ఊరేగింపుల్లో డీజే బాక్సులు గుండె అదిరేలా మోగుతాయి. బరువైన శబ్దం మనకి కొత్తేమీ కాదన్నమాట. ఆ బాక్సుల ముందు మగపిల్లలు ఎగురుతారు, ఆడపిల్లలు అరుగుల మీద నుంచి చూస్తారు. అదే బాక్సుల్లోంచి ఒక పది నిమిషాలు ఆడవాళ్ళ చీకటి వినిపిస్తే ఉషారు తగ్గిపోదు. ఆ మిగతా సగం పేటకి కూడా పండగ అవుతుంది.

నేను చెప్పేది పుస్తకాల్లో మనం ఎప్పుడో ఒప్పుకున్నదే. మన రాజమండ్రి కుసుమ ధర్మన్న 1920ల్లోనే తెల్లదొరతనం పోతే సరిపోదు, నల్లదొరతనం కూడా వద్దని పాట కట్టాడు. 1995లో వచ్చిన దళిత కవితా సంకలనానికి చిక్కనవుతున్న పాట అని పేరు పెట్టుకున్నాం. దళిత స్త్రీల సాహిత్యాన్ని కూర్చినప్పుడు గోగు శ్యామల నల్లపొద్దు అని పేరు పెట్టింది. చిక్కదనం, నలుపు. కవిత్వంలో వాటికి వెరవని మనం, ఒక అమ్మాయి అవే రెండూ గిటారు మీద తెస్తే 'వెలుగు చరణం ఎక్కడ' అని అడిగాం. అడిగాం అని రాస్తున్నాను గానీ, అడిగింది నేనే.

ఒక హెచ్చరిక కూడా. 2021లో అరివు, ధీ కలిసి పాడిన తమిళ పాట ఎంజాయ్ ఎంజామి మీరంతా విన్నారు. అందులో ఒప్పారి ఉంది, తమిళ శోకం. అరివు అవ్వ వళ్ళియమ్మ, ఆమె తరం పడ్డ తోటల కూలి బతుకు ఉంది. పాట లోకమంతా తిరిగింది. ఆ ఏడాదే ఒక పత్రిక ముఖచిత్రం మీద అరివు లేకపోతే పెద్ద గొడవైంది. ఆ పాట మీద తమకి పైసా అందలేదని సంగీతం చేసిన సంతోష్ నారాయణన్ 2024లో బయటికి చెప్పాడు. మన మామ్మల ఏడుపుకి రేపు బజారులో ధర పలుకుతుంది. అందుకని పిల్లలూ, రికార్డు చేసేటప్పుడు ఆవిడ పేరు, ఊరు, తేదీ రాసి పెట్టండి. వాడుకోబోయే ముందు ఆవిడకి వినిపించి అడగండి. శోకం పెట్టగలిగినవాళ్ళు వాడకి ఒకరో ఇద్దరో మిగిలారు. ఈ వేసవి సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు ఆ పని చెయ్యండి.

జయంతి కమిటీల్లో ఉన్న అన్నలకీ తమ్ముళ్ళకీ ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి స్టేజీ మీద ఆడపిల్లలు ఏం తెచ్చినా ముందే విని దిద్దకండి. డప్పు అడిగితే ఇవ్వండి. పాట ఎక్కడ ఆగితే అక్కడ ఆగనివ్వండి.

ఇక ఆ అమ్మాయి సంగతి. వారం తర్వాత నేనే తన క్లాసు దగ్గరికెళ్ళాను. "నీ పాట అలాగే పెడదాం. ఆఖరి చరణం వద్దు. ఆ రోజు నేనన్నది తప్పు" అన్నాను. తను ఎగిరి గంతేస్తుందనుకున్నాను. "మా మామ్మని అడగాలి మేడమ్" అంది.

అడిగింది. మామ్మ సరేనంది గానీ మేస్త్రీ పేరు తీసెయ్యమంది. ఆ మేస్త్రీ కొడుకు ఊళ్ళోనే ఉన్నాడట. ఇప్పుడు పేటకి కూలిపనులు చెప్పేది అతనే. ఈ అమ్మాయి వాళ్ళమ్మ వెళ్ళేది కూడా ఆ పనికే.

పేరు కోసేస్తే రాగం తెగిపోతుంది. ఉంచితే అమ్మ పని పోతుంది. రెండు రోజులు ఆలోచించి, ఆ పేరు వచ్చే ప్రతిచోటా దాని మీద డప్పు దెబ్బ వేసింది. అవి తనే కొట్టింది. వాళ్ళ నాన్న డప్పు అడిగి తీసుకుని, కాచకుండా.

ఏప్రిల్ 14 సాయంత్రం వాళ్ళ పేటలో ఆ పాట ఉంటుంది. మీరొస్తే ఆ దెబ్బలు లెక్కపెట్టండి. నాకు నాలుగు వినిపించాయి.

జై భీమ్.